అమెరికా స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ, నాలుగో పాఠం: బాపు ఏం చేస్తాడు?

పోయిన పాఠం చివర ఒక్క పనే ఇచ్చాను. మీ చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రెండు వాక్యాల్లో రాసి పంపమన్నాను. ఈసారి బ్యాక్‌లాగుల గురించి చెప్పాలనుకున్నా గానీ, మీరు పంపినవి చదివాక అది పక్కన పెట్టేశాను. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, మహబూబాబాద్ వైపు నుంచి రాసినవాళ్లలో ఎక్కువమంది రైతు బిడ్డలే, అయినా "మా నాన్న రైతు" అని రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతా అందరి బాపులూ బిజినెస్‌మ్యాన్‌లు అయిపోయారు. అగ్రి బిజినెస్ అని ఒకరు, కాటన్ ట్రేడింగ్ అని ఇంకొకరు. "గట్టిగా చెప్పండి" అని నేనన్నది "గొప్పగా చెప్పండి" అన్నట్టు వినపడి ఉంటే ఆ తప్పు నాది, ఈ పాఠంలో సరిచేస్తాను.

ఫీజు, స్లాట్, వేలిముద్రలు, ఏ చొక్కా వేసుకోవాలి, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

ముందు కాన్సులేట్ కౌంటర్ అద్దం అవతల ఏం జరుగుతుందో చూడండి. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం 1952 నాటిది, అందులో 214(బి) సెక్షన్ ప్రకారం వీసా అడిగిన ప్రతి విద్యార్థినీ అక్కడే స్థిరపడిపోయే మనిషిగానే అనుకుని మొదలుపెట్టాలి. కాదని చూపించే భారం మన మీదే. ఆఫీసర్ ముందు తెర మీద మీ డీఎస్-160, అంటే మీరు నింపిన వీసా దరఖాస్తు, ఉంటుంది, చేతిలో సమయం రెండు మూడు నిమిషాలు. మీ ఫైలు మొత్తం తిరగేసే తీరిక ఉండదు కాబట్టి నోటితో చెప్పేదే ముఖ్యం. చదవడానికే పోతున్నాడా, డబ్బు కుదిరిందా, చెప్పేవి ఒకదానికొకటి అతుకుతున్నాయా, ఇదే ఆయన చూసేది. అతకని చోటే ఇంకో ప్రశ్న వేస్తారు.

జమ్మికుంట దగ్గరి చెల్లె ఒకామె మొన్న ఫోన్ చేసింది. కన్సల్టెన్సీలో చెప్పినట్టే "మై ఫాదర్ ఈజ్ ఎ బిజినెస్‌మ్యాన్" అందట. ఏం బిజినెస్ అన్నారు. కాటన్ అంది. ఎంతమంది పనిచేస్తారు అన్నారు. ఆగి, పది మంది అంది. కంపెనీ పేరేంటి అన్నారు. ఇక మాట రాలేదు. పాస్‌పోర్టుతోపాటు, 214(బి) కింద వీసా ఇవ్వట్లేదన్న కాగితం అద్దం కింద నుంచి బయటికొచ్చింది. "ఆ పది మంది ఎవరు చెల్లె?" అని అడిగాను. "పత్తి ఏరడానికొచ్చే కూలోళ్లు అన్నా" అంది. నాకు చాలా బాధైంది. ఆ బాపు ఐదెకరాల్లో పత్తి వేసి, ఇద్దరు పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించిన మనిషి. ఆయన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పినా సరిపోయేది.

ఈ చిక్కు ఎక్కడుందో ఇంకోసారి చెప్తా, ఎందుకంటే ఇదే మళ్లీ మళ్లీ చూస్తున్నా. మన దేశంలో వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి రైతు ఐటీ రిటర్న్స్ వేయకపోవడం మామూలే, అడిగితే "వ్యవసాయ ఆదాయం సర్" అంటే అయిపోతుంది. బిజినెస్ అన్నారంటే మాత్రం రిటర్న్స్ ఏవి, టర్నోవర్ ఎంత, జీఎస్టీ ఉందా అని తోక పెరుగుతూనే ఉంటుంది. ఆ తోకను కప్పడానికి ఎవరో దొంగ కాగితం చేసిస్తామంటారు. అది బయటపడితే 214(బి)తో ఆగదు, మోసం కింద రాస్తే జీవితాంతం వెంటాడుతుంది. 214(బి)కి మాత్రం అప్పీలు లేదు గానీ మళ్లీ అప్లై చేయొచ్చు. 185 డాలర్ల వీసా ఫీజు మళ్లీ కట్టాలి, 350 డాలర్ల సెవిస్ ఫీజు (విద్యార్థుల రికార్డు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థకు కట్టేది) అదే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి పన్నెండు నెలల్లోపు అయితే మళ్లీ అక్కర్లేదు. చెల్లె ఇప్పుడు ఆ పనిలోనే ఉంది.

మరి ఎలా చెప్పాలి? యూనివర్సిటీ పంపే ఐ-20 అనే పత్రం మొదటి పేజీలో ఒకవైపు ఖర్చు, పక్కనే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఉంటుంది. ఖర్చు 36,000 డాలర్లు అనుకుందాం. డాలరు 90 రూపాయలని లెక్కేస్తే 32 లక్షల 40 వేలు. హసన్‌పర్తి ప్లాటు మీద బ్యాంకు లోన్ 25 లక్షలు, బాపు ఫిక్స్‌డ్ డిపాజిట్ 5 లక్షలు, మేనమామ ఇచ్చేది 2 లక్షల 40 వేలు. లెక్క సరిపోయింది. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, హీ గ్రోస్ చిల్లీస్ అండ్ కాటన్. ఐ హావ్ ఎ లోన్ ఆఫ్ ట్వెంటీ ఫైవ్ లాక్స్, ద రెస్ట్ ఈజ్ ఫ్రమ్ మై ఫాదర్ అండ్ మై అంకుల్." నేనైతే ఇంతకుమించి ఒక్క మాట కూడా చెప్పనివ్వను. అడిగితే తర్వాతిది చెప్పండి.

"తిరిగొస్తా, ఒక్కడే కొడుకుని" అని ఒట్లు పెట్టేవాళ్లకు ఒక మాట. కుర్ర విద్యార్థికి ఆస్తులు, ఉద్యోగం ఉండవని ఆఫీసర్లకిచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది, ఇప్పటి ఉద్దేశం చూడమనే రాశారు. అడగకముందే ఆ మాట ఎత్తకండి.

ఇక అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. ఒక సాయంత్రం ఫోన్ లోపల పెట్టి బాపు పక్కన కూర్చోండి. నిరుడు మిర్చి ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఏ ధరకు పోయింది, రంగు పోయిన తాలు కాయ ఎంత తీశారు, కూలీలకు ఎంత, అప్పు ఎంత మిగిలింది, అన్నీ ఆయన నోటి నుంచే విని నోట్‌బుక్‌లో రాయండి. మధ్యలో ఇంగ్లీషులోకి మార్చొద్దు. మర్నాడు దాన్ని రెండు ఇంగ్లీషు వాక్యాలు చేయండి. తర్వాత తమ్ముడినో చెల్లినో కిటికీ అద్దం అవతల నిలబెట్టి, మీరు ఇవతల నిలబడి, ప్రశ్నలు ఎటు పడితే అటు అడగమనండి. అవతలికి మాట స్పష్టంగా వినపడాలి. రికార్డింగులు వద్దు, ఆ నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి ఆదివారం లోపు పంపండి, బాపు చెప్పిన మాటల్లోనే.