మన ఊరి వాన నీరు, 3వ పాఠం: కాలువ చివర నుంచి మొదలుపెట్టండి

గత పాఠంలో ఊరి పటం గీసి, ఏ వీధి నీరు ఎటు పోతోందో బాణం గుర్తులు పెట్టాం. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఒకసారి తిరిగి చూశారా? చూసినవాళ్లు కొన్ని బాణాలైనా తిప్పి గీసుకుని ఉంటారు. ఈసారి ఎంత నీరు వస్తుందో లెక్కకట్టి, డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చూద్దాం.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతాదంతా గుణకారం. మన వీధి మూడెకరాలు, అంటే సుమారు 12,140 చదరపు మీటర్లు అనుకుందాం. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 6,07,000 లీటర్లు పడ్డట్టు. అదంతా కాలువలోకి రాదు. మట్టి పెరళ్లు, కొబ్బరి దొడ్లు కొంత తాగేస్తాయి. సిమెంటు నేల దాదాపు ఏమీ తాగదు.

మూడెకరాల్లో ఒక ఎకరం రైసుమిల్లు, కళ్లంతో సహా అంతా సిమెంటే. దానికి 0.9 వేయండి, అంటే పడిన నీటిలో పదింట తొమ్మిది వంతులు కాలువకు వస్తాయని. మిగతా రెండెకరాలు పెరళ్లున్న ఇళ్లు, వాటికి 0.45. మిల్లు ఎకరం నుంచి 1 × 0.9 = 0.9, ఇళ్ల రెండెకరాల నుంచి 2 × 0.45 = 0.9. మూడో వంతు నేల సగం నీటిని పంపుతోంది! ఈ అంకెను పక్కన రాసుకోండి, డబ్బు దగ్గర పనికొస్తుంది.

సగటు 0.6 అయింది. 6,07,000లో 0.6 వంతంటే 3,64,000 లీటర్లు, అంటే సెకనుకు సుమారు 100 లీటర్లు. ఇరవై లీటర్ల బకెట్లు సెకనుకు ఐదు. దీన్ని మోయాలంటే 45 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల నీటి లోతు ఉన్న సీసీ డ్రెయిన్ సరిపోతుంది. అయితే వంద మీటర్లకు 10 సెంటీమీటర్ల వాలుండాలి, పూడిక ఉండకూడదు. సగం లోతు పూడితే మోసే నీరు సగానికన్నా తక్కువే.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. అసలు చిక్కు చివర ఉంటుంది.

కొన్నేళ్ల కిందట మా వీధికి డ్రెయిన్ కావాలని గ్రామసభలో ముందు చేయెత్తింది నేనే. కట్టారు, ముచ్చటగా ఉంది. మొదటి పెద్ద వానకే నీళ్లు వెనక్కి తన్ని మా గుమ్మం ఎక్కాయి. చివర ఎంత మట్టంలో ఉందో ఎవరం చూడలేదు, నాతో సహా.

అందుకే మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చుకోండి. వీధి 300 మీటర్లు, రోడ్డు మొత్తం ఒకే మట్టం అనుకుందాం. డెల్టాలో అనుకోవడం ఎందుకు, చాలాచోట్ల అలాగే ఉంటుంది. మొదట్లో డ్రెయిన్ అడుగు రోడ్డుకు 60 సెంటీమీటర్ల కింద. వాలు కలిపితే చివర 90 కింద. ఇప్పుడు అది కలిసే మురుగు కాలువ దగ్గరకు వెళ్లి, తూము గోడ మీద వానాకాలపు నీటి మరక చూడండి. మరక రోడ్డుకు 40 సెంటీమీటర్ల కిందే ఉంటే? చివర 50 సెంటీమీటర్లు, వీధి మొదట్లో కూడా 20 సెంటీమీటర్లు నీళ్లు నిలిచే ఉంటాయి, చుక్క వాన పడకముందే. గుర్రపుడెక్క పట్టిన కాలువల్లో మరక ఇంకా పైకి ఉంటుంది. సముద్రం దగ్గరి మండలాల్లో పోటు వేళ కూడా నీళ్లు చూసి రాసుకోండి.

మరక అంత పైన ఉంటే సిమెంటు పోయడం దండగ. ముందు కింది కాలువలో పూడిక తీయాలి, లేదా వాన నీటిని కాసేపు ఊరి చెరువులో ఆపాలి, అదీ కాకపోతే డ్రెయిన్ చివర తలుపు పెట్టి మోటారుతో తోడాలి.

ఇక డబ్బు. కాలువ ఎవరిదో తేలితే సగం పని అయినట్టే. వీధి డ్రెయిన్ పంచాయతీది. పెద్ద మురుగు కాలువలు జలవనరుల శాఖవి. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువల కోసం భూమి మీద సెస్సు వేసే చట్టం 1968లోనే వచ్చింది. కాబట్టి కింది పూడికకు పంచాయతీ సొమ్ము పెట్టకండి. మరక కొలతలు రాసి, ఫోటోలు జతచేసి, తీర్మానంతో ఆ శాఖకు పంపండి.

వీధి డ్రెయిన్‌కు కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు చూడండి. 15వ సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకిచ్చిన వాటిలో 60 శాతం పారిశుద్ధ్యానికి, తాగునీటికి, వాన నీటి సంరక్షణకు కట్టుబడినవి. మిగతా 40 శాతాన్ని జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ తప్ప ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలిచ్చింది. నన్నడిగితే వాన నీటి డ్రెయిన్‌ను ఇలా కట్టుబాటు లేని వాటాలో చూపడం తేలిక. అక్టోబరు 2 నుంచి మొదలయ్యే గ్రామసభల్లో ప్రణాళికలోకి ఎక్కించాలి. అప్పుడే వేసవిలో సాగునీటి కాలువలకు నీళ్లు ఆపిన రోజుల్లో పని జరుగుతుంది.

అంచనాలో ఏటా తీసే పూడిక ఖర్చుకు వేరే వరుస పెట్టండి. కట్టడానికి బయటి నిధి దొరుకుతుంది గానీ, పూడిక తీయడానికి ఎక్కువగా ఇంటి పన్నే దిక్కు. అమెరికాలో చాలా ఊళ్లు నీరు ఇంకని నేల విస్తీర్ణం కొలిచి, దాన్ని బట్టి వాన నీటి రుసుం వసూలు చేస్తాయి. మన పంచాయతీలో రుసుం మాట ఎలా ఉన్నా, మిల్లు యజమానిని కూర్చోబెట్టి ఆ సగం అంకె చూపించవచ్చు. కళ్లం అంచున ఇంకుడు గుంతలు తవ్విస్తారో, పూడికకు చందా ఇస్తారో ఆయన్నే ఎంచుకోమనండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: మీ వీధి చివరి తూము దగ్గర నీటి మరక రోడ్డుకు ఎన్ని సెంటీమీటర్ల కింద ఉందో కొలిచి, తేదీతో సహా పుస్తకంలో రాయండి. ఆ అంకెతోనే చెరువులో ఎంత నీరు ఆపవచ్చో లెక్కకడదాం.