అలాయ్స్ వేయించాక స్టీరింగ్ వణుకుతోందా? నాలుగోసారి బ్యాలెన్సింగ్‌కు వెళ్లే ముందు ఇవి చూసుకోండి

విజయవాడలో కృష్ణా నది మీది వారధి దాటి తాడేపల్లి వైపు వెళ్లేదాకా కారు బుద్ధిగానే ఉంది. మంగళగిరి దగ్గర పడుతుంటే స్పీడు 85 దాటింది, స్టీరింగ్ చేతుల్లో జివ్వుమనడం మొదలైంది. 95కి వచ్చేసరికి హోల్డర్‌లో ఉన్న ఫోన్ మీద అక్షరాలు కూడా కనబడనంతగా అదిరింది. 100 దగ్గర కాస్త సద్దుమణిగింది. మా పాత స్విఫ్ట్‌కు 14 అంగుళాల స్టీల్ రిమ్ములు తీసేసి 15 అంగుళాల అలాయ్స్, కొత్త టైర్లు వేయించి అప్పటికి రెండు రోజులే అయింది.

ఆ వారంలో మూడుసార్లు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానమయ్యేలా చిన్న వెయిట్లు అంటించడం) చేయించాను. ప్రతిసారీ మెషీన్ మీద రెండు వైపులా సున్నా. ప్రతిసారీ కాజ టోల్‌గేట్ రాకముందే వణుకు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చక్రం ఊడదీసి, హబ్బు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగం) మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం మీద వెర్నియర్ (మిల్లీమీటర్లలో కొలిచే పరికరం) పెట్టాడు. 54. రిమ్ము మధ్య రంధ్రంలో పెట్టాడు. 73.

"చూడు బాబూ, లోటాలో గరిట పెట్టినట్టుంది. దీన్ని ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయిస్తావు?"

అసలు సంగతి అదీ. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద చక్రం మధ్య రంధ్రాన్ని పట్టుకునే కోను మీద కూర్చుంటుంది. కారు మీదికొచ్చేసరికి నాలుగు నట్ల మీద కూర్చుంటుంది. ఆ రెండు సెంటర్లూ ఒకటి కాకపోతే మెషీన్ చూపించే సున్నా మెషీన్‌కే పనికొస్తుంది, మనకు కాదు.

అయితే వణికిన ప్రతి కారుకూ ఇదే కారణమని చెప్పను. ముందు వణుకు ఎలాంటిదో తేల్చుకోండి.

ఎక్కడ, ఎప్పుడు?

వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలను అనుమానించాలి. సీటులో, కాళ్ల కింద తెలిస్తే వెనక చక్రాలను. ఇది నూటికి నూరుపాళ్లు కాదు గానీ, వెతకడం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

తర్వాత స్పీడు. 80 నుంచి 110 మధ్య వచ్చి, ఆ పైన తగ్గితే బ్యాలెన్స్ గానీ సెంటర్ గానీ తప్పింది. 20, 30 స్పీడులోనే స్టీరింగ్ అటూ ఇటూ నెమ్మదిగా ఊగితే రిమ్మో టైరో వంకర. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కులు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి, వదలగానే పోతే ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటునో ఇంజిన్ మౌంటింగునో చూపించండి. దానికి చక్రాలతో పని లేదు.

రోడ్డు ఖాళీగా ఉన్నచోట, వణుకు వచ్చే స్పీడులో క్లచ్ తొక్కి ఇంజిన్ వేగం పడిపోనివ్వండి. అయినా వణుకు అలాగే ఉంటే ఇంజిన్‌కు సంబంధం లేదు.

అన్నిటికన్నా తిరుగులేని పరీక్ష ఒకటుంది: పాత చక్రాలు మళ్లీ వేసి అదే రోడ్డు మీద వెళ్లి రావడం. వణుకు పోతే తప్పు కొత్త చక్రాల్లోనో, వాటిని బిగించిన తీరులోనో ఉంది. అందుకే చెబుతున్నా, అలాయ్స్ కొన్న రోజే పాత సెట్టును ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయకండి. రెండు వారాలు ఇంట్లో మెట్ల కింద పడేసి ఉంచితే పోయేదేమీ లేదు. నేను అక్కడికక్కడే ఇచ్చేసి తర్వాత తల పట్టుకున్నాను.

80–110 మధ్య స్టీరింగ్ వణుకుతుంటే

15 అంగుళాల రిమ్ముకు వేసే 185/65 ఆర్15 సైజు టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. 100 స్పీడులో అది సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. సస్పెన్షన్ మీద వేలాడే చక్రం సహజంగా ఊగే వేగం కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది కాబట్టి, చిన్న తేడా కూడా ఆ స్పీడులో పెద్దగా తెలుస్తుంది. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉంటే, 100 స్పీడులో అది నాలుగున్నర కిలోల బలంతో సెకనుకు 14 సార్లు చక్రాన్ని గుంజుతుంది. స్పీడు రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. ఊళ్లో బెంజ్ సర్కిల్ చుట్టూ ఎంత తిరిగినా ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే.

ఖర్చు లేనివాటితో మొదలుపెట్టండి.

బురద. నవ్వకండి. గుంటూరు వైపు పొలం దారిలో వాన పడ్డాక ఒక్కసారి వెళ్లొస్తే నల్లరేగడి మట్టి రిమ్ము లోపలి వైపు పట్టుకుని సిమెంటులా ఎండిపోతుంది. వెడల్పాటి పుల్లలు (స్పోక్స్) ఉన్న అలాయ్స్‌కైతే వాటి వెనక దాక్కుంటుంది, బయటినుంచి ఎంత కడిగినా కనబడదు. ఐదు గ్రాముల వెయిట్ కోసం మెషీన్ మీద తంటాలు పడుతుంటే లోపల గుప్పెడు మట్టి ఉంటుంది. చక్రం ఊడదీసి లోపలివైపు గీకి కడగాలి.

ఊడిన వెయిట్లు. అలాయ్స్‌కు లోపలివైపు జిగురుతో అంటించే వెయిట్లు వేస్తారు. తుడవకుండా దుమ్ము మీదే అంటిస్తే రెండో వాటర్ వాషింగ్‌కే రాలిపోతాయి. లోపల చెయ్యి పెట్టి తడిమితే, జిగురు మరక ఉండి వెయిట్ లేని చోటు వేలికి తగులుతుంది. అది దొరికితే మీ సమస్య ఐదు నిమిషాల పని. పాత వెయిట్లు తీయకుండా వాటి పక్కనే కొత్తవి అంటించుకుంటూ పోయే షాపులూ ఉన్నాయి. బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు మొత్తం తీసేసి మొదటినుంచి చేయమనండి. చేశాక చక్రాన్ని మెషీన్ మీద వదులు చేసి, అరచుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. ఈసారి కూడా సున్నానే రావాలి. 15, 20 గ్రాములు చూపిస్తే కోనులో చక్రం సరిగ్గా కూర్చోలేదన్న మాట.

ఇవి రెండూ బాగుంటే అప్పుడు సెంటర్ సంగతి.

కంపెనీ చక్రం మధ్య రంధ్రం ఆ కారు హబ్బుకు అతికినట్టు సరిపోతుంది. స్విఫ్ట్‌కు, ఐ20కి అది 54.1 మిల్లీమీటర్లు. హోండా సిటీకి 56.1, పోలోకి 57.1. బయట అమ్మే అలాయ్స్ ఒకే అచ్చు నుంచి రకరకాల కార్లకు పనికిరావాలి కాబట్టి రంధ్రం పెద్దగా పెడతారు. 73.1 మామూలే, 67.1 కూడా కనిపిస్తుంది. ఈ ఖాళీని పూడ్చడానికి హబ్ రింగ్ ఉండాలి: బయటి కొలత రిమ్ముకు, లోపలి కొలత హబ్బుకు. అలాయ్స్ కొన్నప్పుడు అది అడగాలని చాలామందికి తెలియదు, షాపులో అడిగినా "నట్లే సెంటర్ చేస్తాయి సార్, ఏం కాదు" అంటారు. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. కోను ఆకారపు నట్లు, రిమ్ములో అవి ఆనే సరైన సీటు, ఓపికగా ఎదురెదురుగా బిగించే చెయ్యి ఉంటే రింగు లేకుండా కూడా నడిచే కార్లున్నాయి. కానీ చక్రం కింద ఆనించి, ఒక నట్టుకు గన్ (నట్లు బిగించే మెషీన్) పెట్టి ఒక్కసారే దిగ్గొట్టే చోట ఆ మాట నమ్మలేం.

రెడీమేడ్ రింగులు ప్లాస్టిక్‌వీ అల్యూమినియంవీ దొరుకుతాయి. మీ కొలత దొరక్కపోతే ఆటోనగర్‌లో లేత్ షాపులకు కొదవేముంది? నాకు అల్యూమినియం రింగులు తిరగేసి ఇచ్చింది అక్కడే. కాగితం మీద ఉన్న కొలత కాకుండా మీ రిమ్మునూ మీ హబ్బునూ వెర్నియర్‌తో కొలిపించండి, రంగు మందం కూడా కొలతను మారుస్తుంది. రింగు రిమ్ములోకి చేత్తో నొక్కితే బిగుతుగా దిగాలి, హబ్బు మీద ఆట లేకుండా జారాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే అది తప్పు కొలత.

నట్లు, సీటు, రంధ్రాలు

అలాయ్ రిమ్ములకు ఎక్కువగా 60 డిగ్రీల కోను సీటు ఉంటుంది. హోండాల కంపెనీ నట్ల అంచు గుండ్రంగా, గోళీలా ఉంటుంది. ఆ నట్లనే కోను సీటులో బిగిస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతాయి. చక్రం సెంటర్‌కూ రాదు, కొన్నాళ్లకు వదులూ అవుతుంది. ఒక నట్టు తీసి సీటు లోపల టార్చి వేసి చూడండి. రంగు చుట్టూ సమానంగా నలిగి ఉంటే సరే. ఒకవైపే గీసుకుపోయి లోహం మెరుస్తుంటే చక్రం పక్కకు జరిగి బిగుసుకుంది.

నట్ల రంధ్రాలు ఒక వలయం మీద ఉంటాయి, ఆ వలయం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లన్నది కారును బట్టి మారుతుంది. రిమ్ముకు ఎనిమిది రంధ్రాలుంటే రెండు కొలతలకు నాలుగేసి, సాధారణంగా నాలుగు 100కు, నాలుగు 108కి. మీవి ఏవో చూసుకోండి. మన దగ్గర అమ్మిన ఫియట్ పుంటో, లీనియా కార్లది 98. "రెండు మిల్లీమీటర్లే కదా" అని వాటికి 100 రిమ్ములు బిగించేవాళ్లుంటారు. బోల్టు వంకరగా దిగుతుంది. ఇది వణుకుతో ఆగే విషయం కాదు, అలాంటి కారును హైవే ఎక్కించకండి.

హబ్బు ముఖం మీద తుప్పు పెచ్చులు కూడా వైర్ బ్రష్‌తో రాయాలి. అక్కడ ఒకవైపు అర మిల్లీమీటరు చెత్త ఇరుక్కుంటే, రిమ్ము అంచుకు వచ్చేసరికి అది మిల్లీమీటరుకు పైనే ఊగుడవుతుంది.

బిగించేటప్పుడు చక్రం గాలిలో ఉండాలి. నట్లన్నీ ముందు చేత్తో, చక్రాన్ని కాస్త కదుపుతూ తిప్పాలి. తర్వాత పానాతో ఎదురెదురుగా. కిందికి దించాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) చివరి బిగింపు. చిన్న కార్లకు ఇది సుమారు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుది ఎంతో మాన్యువల్‌లో చూడండి. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

నెమ్మదిగా వెళ్తున్నా ఊగుతుంటే

ముందు చక్రం జాకీ మీద లేపి (వెనక చక్రాలకు ఇటుకలు పెట్టండి, కారు కిందకు దూరకండి) ఒక పెన్నును ఇటుకల దొంతి మీద కదలకుండా ఆనించి, దాని మొన రిమ్ము అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉంచండి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. సందు పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తే రిమ్ము వంకర. మిల్లీమీటరు దాటితే షాపు వాళ్లను నిలదీయొచ్చు. రిమ్ము బాగుండి టైరు మాత్రమే ఎగిరిపడుతుంటే, టైరు గోడ మీద రిమ్ముకు దగ్గరగా చుట్టూ ఉండే సన్నటి గీతను చూడండి. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య దూరం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి మునిగితే టైరు పూర్తిగా కూర్చోలేదు. గాలి తీసి, సబ్బు రాసి మళ్లీ ఎక్కించాలి. అది షాపులోనే చేయించండి.

అదీ బాగుంటే టైరు లోపలి తీగలు విడిపోయి ఉబ్బి ఉండొచ్చు. "కొత్త టైరు" అని అమ్మినదాని మీద నాలుగంకెల తేదీ చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది.

బ్రేకు వేసినప్పుడే వణికితే

అలాయ్స్ వేసిన రోజు నుంచే మొదలైతే, గన్‌తో ఒక్కో నట్టునూ ఒక్కో బిగింపుతో దిగ్గొట్టడం వల్ల డిస్కు పక్కకు వాలి ఉండొచ్చు. నట్లన్నీ తీసి, హబ్బు ముఖం శుభ్రం చేసి, సరైన బిగింపుతో మళ్లీ వేయండి. తగ్గకపోతే డిస్కును లేత్ పట్టించడమో మార్చడమో తప్పదు.

ఇవేవీ కాకపోతే స్టీరింగ్, సస్పెన్షన్ జాయింట్లయిన టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించండి. వెడల్పు చక్రాలు బయటికి జరిగి కూర్చునేసరికి, అప్పటిదాకా కప్పుకుని ఉన్న అరుగుదల బయటపడుతుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) మాత్రం మళ్లీ మళ్లీ చేయించకండి. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది, అంతే. వణుకు దాని పని కాదు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ కలిపి ఒకే బిల్లులో రాస్తారు కాబట్టి మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి.

రింగులు వేయించుకున్నాక ఒక జాగ్రత్త. మీ స్టెప్నీ కంపెనీ రిమ్మే. దాని రంధ్రం హబ్బుకు సరిగ్గా సరిపోతుంది కాబట్టి దానికి రింగు అక్కర్లేదు. అల్యూమినియం రింగు తుప్పుకు హబ్బు మీదే పట్టుకుపోతే స్టెప్నీ లోపలికి వెళ్లదు, నట్లు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతాయి. వేసే ముందు రింగు లోపల గ్రీజు పలచగా పూయండి. ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందే స్టెప్నీ ఒకసారి వేసి చూడండి. నేను వేసి చూసినప్పుడు ఎడమ వైపు రింగు రావడానికి స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాలు పట్టింది.