రాగం తర్వాత, ముందు మాట

తిరుపతిలో నా దగ్గరకు పౌరాణిక నాటకాల పద్యాలు నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది, "సార్, ఏ రాగంలో పాడాలి?" అని. నేను హార్మోనియం మూత కూడా తియ్యను. మొదటి వారమంతా వచనంలాగా చదవడమే.

'చెల్లియో చెల్లకో' పద్యం తీసుకోండి. రాసిన తిరుపతి వేంకట కవులకు పేరులో తప్ప మా ఊరితో సంబంధం లేదు గానీ, కృష్ణుడి వేషం కట్టాలంటే ఆ రాయబారం పద్యాలు రావాల్సిందే. ఇది ఉత్పలమాల వృత్తం. పాదానికి 20 అక్షరాలు, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, పదో అక్షరం. రెండో పాదం చూడండి: 'తొల్లి గతించె, నేడు నను దూతగ బంపిరి సంధి సేయ, నీ'. యతి 'దూ' మీద పడుతుంది. చాలామంది సరిగ్గా దాని ముందే ఊపిరి తీస్తారు. 'నేడు నను' అని ఆగితే వినేవాడికి ఏం తెలుస్తుంది? పాదం చివర 'నీ' దగ్గర ఆగడం ఇంకా ఘోరం. ఆ 'నీ' కింది పాదంలోని 'పిల్లలు పాపలున్'కు చెందింది. కాబట్టి 'గతించె' తర్వాత చిన్న ఊపిరి, 'సంధి సేయ' తర్వాత నిండు ఊపిరి, అక్కణ్ణుంచి 'పెంపు వహింపగ' దాకా ఒక్క బిగిన. పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. ఊపిరి తీసేటప్పుడు భుజాలు లేవకూడదు, పక్కటెముకలు విచ్చుకోవాలి.

తర్వాత ఒత్తులు. మా జిల్లాలో భీముడు తరచూ 'బీముడు' అయిపోతాడు. నోటి ముందు అరచెయ్యి పెట్టి 'బీ', 'భీ' అనండి. రెండోదానికి గాలి చేతికి తగలాలి.

శ్రుతి విషయంలో పంతం వద్దబ్బా. పద్యంలో గొంతు అన్నిటికంటే పైకెక్కే చోటు మెడనరాలు ఉబ్బకుండా అందాలి. అందకపోతే ఒకటిన్నర శ్రుతి నుంచి దాని కిందిదైన ఒకటో శ్రుతికి దిగండి.

ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర 18 రోజుల భారతం ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి నాటకం. తెల్లవార్లూ ఆడాలి, మొదటి పద్యానికే గొంతంతా పెట్టేయకండి. మైకువాడితో ఎకో తగ్గించమని ముందే చెప్పండి, కష్టపడి నేర్చుకున్న ఒత్తులన్నీ అందులోనే కలిసిపోతాయి. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడటం కూడా మానేసి, గోరువెచ్చని నీళ్ళు తాగుతూ ఊరికే ఉండండి. రెండు మూడు వారాలకూ తగ్గకపోతే మిరియాల కషాయాలు పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.