ఐఈఎల్‌టీఎస్ రీడింగ్ పాఠాలు – 4: ధాతువుతో ఊహ, వాక్యంతో నిర్ధారణ

గత పాఠంలో ఇన్, సబ్, కాన్, రీ వంటి ఉపసర్గలను (మాట ముందు చేరే భాగాలను), తమ తరువాత వచ్చే అక్షరాన్ని బట్టి వాటిలో కొన్ని రూపం మార్చుకునే తీరును చూశాం. 'ఇన్' అనేది 'పాసిబుల్' ముందు 'ఇమ్' గానూ, 'లీగల్' ముందు 'ఇల్' గానూ మారడం, సత్, జనులు కలిసి సజ్జనులు కావడం వంటిదేనని గుర్తించిన వారికి ఆ పాఠం కష్టమై ఉండదు. ఇప్పుడు ఉపసర్గ తరువాత నిలిచే ధాతువును, అంటే మాటకు మూలమైన భాగాన్ని, తీసుకుందాం.

అంతకు ముందు ఒక మాట. ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో (ఈ ఇంగ్లీషు పరీక్షలోని పఠన విభాగంలో) ఫలానా పదానికి అర్థమేమిటని నేరుగా అడగడం దాదాపు ఉండదు. వ్యాసంలో ఒక మాట ఉంటుంది, ప్రశ్నలో అదే భావం మరో మాటలో ఉంటుంది. ఆ రెండూ ఒకటేనని పోల్చుకోగలిగిన వారికి మార్కు వస్తుంది. ధాతువులు అక్కరకు వచ్చేది అక్కడే. వందల ధాతువుల పట్టికను వల్లె వేసి, తీరా వ్యాసంలో ఆ ధాతువు ఎదురైతే గుర్తుపట్టలేని చదువు నాకు నచ్చదు గనుక, ఈ పాఠంలో రెండు ధాతువులనే తీసుకుని వాటితోనే చాలాసేపు గడుపుదాం.

మొదటిది లాటిన్ నుంచి వచ్చిన ధాతువు. నడిపించడం, తీసుకుపోవడం దాని అర్థం. ఇంగ్లీషులో ఇది డి, యు, సి అనే మూడు అక్షరాలుగా కనబడుతుంది. రిడ్యూస్, ప్రొడ్యూస్, ఇంట్రడ్యూస్, డిడ్యూస్, ఇండ్యూస్, కండక్ట్, కండ్యూసివ్, ఆక్విడక్ట్, అన్నీ ఈ కుటుంబంలోనివే. తెలుగువారు ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్తపడాలి. మన లిపిలో రాసిందే పలుకుతాం కాబట్టి మాటను చెవితో గుర్తుపెట్టుకునే అలవాటు మనకు బలంగా ఉంటుంది. కాని ఇంగ్లీషు ధాతువు ధ్వనిలో కన్నా స్పెల్లింగులోనే నిలకడగా ఉంటుంది. 'రిడ్యూస్', 'రిడక్షన్' అని పైకి చదివితే మధ్య భాగం వేర్వేరుగా వినిపిస్తుంది, కాగితం మీద మాత్రం అవే మూడు అక్షరాలు. 'సైన్' అనే మాటలో పలకని జి అక్షరం 'సిగ్నల్', 'సిగ్నేచర్' మాటల్లో పలకడం కూడా ఇలాంటిదే. అందువల్ల ధాతువులను నేర్చుకునేటప్పుడు పైకి చదవడం కన్నా చేత్తో రాయడం మేలు.

ఇక అర్థం సంగతి. 'ప్రొ' అంటే ముందుకు. ముందుకు తెచ్చేది ప్రొడ్యూస్. 'ఇంట్రొ' అంటే లోపలికి. లోపలికి తీసుకువచ్చేది ఇంట్రడ్యూస్. ఇంతవరకు సాఫీగానే ఉంది. 'రీ' అంటే వెనక్కి గనుక రిడ్యూస్ అంటే వెనక్కి నడిపించడం కావాలి, కాని నేటి అర్థం తగ్గించడం. సంస్కృత వ్యాకరణం చదువుకున్న వారికి ఇందులో వింత ఉండదు. 'హృ' అనే ఒకే ధాతువు నుంచి ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం పుట్టాయి. తినడానికీ చంపడానికీ పోలిక ఎక్కడ? ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరో చోటికి లాక్కుపోతుందని మన వైయాకరణులు ఏనాడో గుర్తించారు. అందుచేత ధాతువు ఇచ్చేది అర్థం కాదు, అర్థం ఏ వైపున ఉండవచ్చునో ఒక ఊహ మాత్రమే. దానిని వాక్యంలో పెట్టి సరిచూసుకున్నాకే నమ్మాలి. ఉదాహరణకు 'కండ్యూసివ్' అనే మాట తెలియకపోయినా, వెచ్చని తేమ గాలి బూజు పెరగడానికి కండ్యూసివ్ అన్న వాక్యంలో, ఆ దిశగా నడిపించేది, అంటే అనుకూలమైనది అని తేల్చుకోవచ్చు.

రెండవ ధాతువు 'టెర్ర', నేల అని అర్థం. టెరైన్, టెరిటరీ, టెరెస్ట్రియల్, సబ్‌టెరేనియన్ దీని నుంచి వచ్చాయి. భూభాగాల నడుమ ఉన్న సముద్రం కాబట్టి మెడిటరేనియన్ కూడా. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. టెర్రర్, టెరిబుల్, డిటరెంట్ అనే మాటల్లోనూ అవే అక్షరాలు కనబడతాయి గాని, వాటి మూలం భయపెట్టడం అనే వేరొక లాటిన్ క్రియ. నేరాలు, శిక్షల మీద రాసిన వ్యాసంలో డిటరెంట్ అనే మాట ఎదురైనప్పుడు నేలను వెతుకుతూ కూర్చుంటే రెండు నిమిషాలు వృథా. పెడెస్ట్రియన్‌లోని 'పెడ్' పాదమైతే, పీడియాట్రిక్స్‌లోనిది గ్రీకు నుంచి వచ్చిన బిడ్డ అనే మాట. ఇలాంటి జంటలను నోటుపుస్తకంలో ఎదురెదురుగా రాసుకోండి.

ఇప్పుడు ప్రయోగానికి వద్దాం. ఈ పాఠం కోసం రాసిన చిన్న పేరా సారాంశం ఇది: రోమ్ నగరానికి తొలి ఆక్విడక్ట్ (దూరం నుంచి నీరు తెచ్చే కట్టడం) అయిన ఆక్వా అప్పియాను క్రీ.పూ. 312లో నిర్మించారు. దాని మార్గంలో అత్యధిక భాగం సబ్‌టెరేనియన్ కాండ్యుయిట్‌గానే సాగింది. ఆక్విడక్ట్ అనగానే పర్యాటకులకు గుర్తుకు వచ్చేది మాత్రం దక్షిణ ఫ్రాన్స్‌లోని పాన్ ద్యు గార్ వంటి కట్టడం. మూడు అంతస్తుల తోరణాలతో సుమారు 49 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ వంతెన నీమ్ పట్టణానికి నీరు చేర్చేది.

దీని మీద ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ తరహా ప్రశ్నలు మూడు. మొదటిది: ఆక్వా అప్పియాలో నీరు చాలా దూరం ఉపరితలానికి దిగువన ప్రవహించింది. 'సబ్' అంటే కింద, 'టెర్ర' అంటే నేల. 'కాండ్యుయిట్' ఫ్రెంచి మీదుగా వచ్చి చివర కొంత అరిగిపోయినా నడిపించే ధాతువుదే, అంటే నీటిని తీసుకుపోయే మార్గం. రెండు మాటలూ ముందు తెలియకపోయినా జవాబు ట్రూ అని దొరికింది. 'అత్యధిక భాగం', 'చాలా దూరం' అనే పరిమాణ పదాలు కూడా సరిపోయాయని చూసుకోవడం మరువకండి. ప్రశ్నలో 'మొత్తం' అని ఉంటే జవాబు మారిపోయేది.

రెండవది: ఆక్వా అప్పియా ప్రధానంగా తోరణాల మీదుగా సాగింది. ఇది ఫాల్స్, ఎందుకంటే అధిక భాగం నేలలో ఉందన్న వాక్యం దీనికి నేరుగా అడ్డుపడుతుంది. తోరణాలు అనే మాట పేరాలో ఉంది కదా అని తొందరపడితే పొరపాటు. అవి మరొక కట్టడానివి.

మూడవది: ఆక్వా అప్పియా నిర్మాణానికి తరువాతి ఆక్విడక్ట్‌ల కన్నా తక్కువ ఖర్చయింది. మన విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇలాంటి చోటే. తోరణాలు లేవు కాబట్టి ఖర్చు తక్కువని ఒకరు, నేల తవ్వారు కాబట్టి ఎక్కువని మరొకరు వాదిస్తారు; ఇద్దరి తర్కమూ బాగానే ఉంటుంది గాని అది పేరాలోది కాదు. ఫాల్స్ అని పెట్టే ముందు, ఈ వాక్యాన్ని ఖండించే మాట ఇదిగో అని వేలు పెట్టి చూపగలనా అని ప్రశ్నించుకోండి. చూపలేకపోతే, సమర్థించే మాట కూడా లేకపోతే, అది నాట్ గివెన్. ఇంజనీరింగ్ చదివిన వారికి ఈ నిగ్రహం కొంచెం ఆలస్యంగా అలవడుతుందని నా అభిప్రాయం, తెలిసిన విషయాన్ని వాడకుండా ఉండటం వారికి కష్టం మరి.

సమయం గురించి క్లుప్తంగా. అకడమిక్ రీడింగ్‌లో మూడు వ్యాసాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. కాగితం మీద రాసే పరీక్షలోనూ జవాబులను ఆన్సర్ షీటులోకి ఎక్కించడానికి వేరే సమయం ఇవ్వరు. తప్పు జవాబుకు మార్కు కోయరు కాబట్టి ఏ గడినీ ఖాళీగా వదలకండి. వ్యాసాలు పోను పోను కఠినమవుతాయి గనుక మొదటి దానిని 15 నిమిషాల్లో ముగించి, మూడవ దానికి 25 నిమిషాలు మిగుల్చుకోవడం నేను సూచించే పద్ధతి.

వచ్చే పాఠానికి అభ్యాసం: 'స్పెక్' అంటే చూడటం, 'సర్కమ్' అంటే చుట్టూ, 'రెట్రో' అంటే వెనక్కి. ఇన్‌స్పెక్ట్, రెట్రోస్పెక్టివ్, ప్రాస్పెక్టివ్, సర్కమ్‌స్పెక్ట్, కాన్‌స్పిక్యువస్ అనే అయిదు మాటలకు నిఘంటువు తెరవకుండా అర్థాన్ని ఊహించి రాయండి. ఆ తరువాత ప్రతి మాటకు నిఘంటువులో ఇచ్చిన ఉదాహరణ వాక్యాన్ని మాత్రమే చదివి, మీ ఊహను సవరించుకోండి; అర్థం అన్నిటికన్నా చివర చూడండి. అయిదింటిలో ఒక మాటలో ధాతువు స్పెల్లింగు కొద్దిగా మారి ఉంది, అది ఏదో గుర్తించి దాని కింద గీత గీయండి. పేరాలకు శీర్షికలు జతచేసే ప్రశ్నలతో వచ్చే పాఠం మొదలవుతుంది, ఈ అయిదు మాటలూ ఆ వ్యాసంలో కనిపిస్తాయి.