పెట్రోలు జనరేటర్ – 4వ పాఠం: నిలవ పెట్రోలు, మూసుకుపోయిన జెట్

పోయిన పాఠంలో ఇంజన్ ఆయిల్ మార్చాం. ఈసారి కార్బురేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం, విప్పుదాం.

వాయుగుండం కబురు వినగానే జనరేటర్ బయటికి తీస్తాం. ఏడాదిగా మూలనున్న బండి తాడు ఎంత లాగినా పలకదు. కావలి, ఒంగోలు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇదే గోడు. చాలామటుకు చెడింది ఇంజన్ కాదు, అందులో మిగిలిన పెట్రోలు. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, ఆ తడి కార్బురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె అడుగుకు దిగుతుంది. పెట్రోలు ఆవిరైపోయి మిగిలిన జిగురు జెట్ (పెట్రోలు కొలతగా వెళ్లే చిన్న ఇత్తడి ముక్క) రంధ్రంలో గట్టిపడుతుంది.

ముందు ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ తగ్గితే స్పార్కు ఆపేసే సెన్సర్ చాలా మోడళ్లలో ఉంటుంది. మట్టం సరిగ్గా ఉంటే చోక్ (గాలి తగ్గించే మీట) వేసి ఐదారుసార్లు తాడు లాగి, స్పార్క్ ప్లగ్ విప్పండి. మొన తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నట్టే, అప్పుడు స్పార్కు చూసుకోవాలి. ప్లగ్ గ్యాప్ (మొన దగ్గరి సందు) 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. మొన పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. చోక్ మీద నడిచి, చోక్ తీయగానే ఆగిపోతోందా? చాలామటుకు అది జెట్ మూసుకుపోవడం వల్లే, ముందు మెయిన్ జెట్ చూడండి.

విప్పే పని ఆరుబయట, ఇంజన్ చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చేయండి. పెట్రోలు ట్యాప్ కట్టేసి, ప్లగ్ క్యాప్ ఊడదీయండి. కార్బురేటర్ కింద డబ్బా పట్టుకుని గిన్నె బోల్టు తిప్పండి. చాలావాటికి 10 నంబర్ పానా సరిపోతుంది. గిన్నె చుట్టూ ఉన్న రబ్బరు రింగును జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి. కార్బురేటర్ క్లీనర్ తగిలితే అది ఉబ్బి, మళ్లీ గాడిలో కూర్చోదు.

మధ్య గొట్టంలో కింది నుంచి కనిపించే ఇత్తడి ముక్కే మెయిన్ జెట్. గాడికి సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి, ఇత్తడి మెత్తన కనుక అంచులు ఇట్టే అరుగుతాయి. జెట్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి: గుండ్రటి వెలుగుచుక్క నిండుగా కనపడాలి. సన్నగానో వంకరగానో కనిపిస్తే క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో పొడవండి. సూది, పిన్నీసు పెట్టొద్దు. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు ఎక్కువ తాగి నల్లపొగ వదులుతుంది. గిన్నెలో ఆకుపచ్చ చిలుము ఉంటే దాన్నీ తుడిచేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది తొందరగా పడుతుంది.

బిగించాక ట్యాప్ తెరిచి రెండు నిమిషాలు ఆగి, గిన్నె దగ్గర కారడం లేదని చూసుకున్నాకే స్టార్ట్ చేయండి. బండి ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు పోకుండా ఉండాలి. వరండాలో నడిపినా ప్రాణం మీదికొస్తుంది; పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇక మూలన పెట్టేటప్పుడు ట్యాప్ కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. గిన్నె ఖాళీ అవుతుంది. నెల దాటి పెట్టేస్తుంటే ట్యాంకు కూడా ఖాళీ చేయండి. వచ్చే పాఠంలో ఫ్రిజ్, నీళ్ల మోటారు స్టార్టింగ్ లోడు లెక్క చూద్దాం.