యుద్ధకాలపు గూఢచారిణి నవలను ఎలా చదవాలి?

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌కు ఎస్‌ఓఈ (స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్) అనే సంస్థ ద్వారా బ్రిటన్ రహస్యంగా పంపిన మహిళల గురించి ఎన్నో థ్రిల్లర్ నవలలు వచ్చాయి. వాటిలో శ్రద్ధగా పరిశోధించి రాసిన నవలను ఒక్క రాత్రిలో ముగించవచ్చు గాని, అలా చదివితే రచయిత పడిన శ్రమలో సగం మన కంటబడదు.

ముందుగా చరిత్ర గ్రంథాలు తిరగేయనక్కరలేదు. ఒక ఫ్రాన్స్ పటం, రెండు తేదీలు దగ్గరుంటే చాలు. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయినప్పుడు ఆక్రమణకు లోనుకాకుండా మిగిలిన దక్షిణ భాగంలోకి 1942 నవంబరు 11న జర్మన్ సేనలు ప్రవేశించాయి. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు నార్మండీ తీరాన దిగాయి. లియాన్ నగరం ఆ దక్షిణ భాగంలోనిదే కాబట్టి, అధ్యాయం మొదట్లో ‘లియాన్, 1942 అక్టోబరు’ అని కనబడితే, కథానాయికకు ఇంకెంత వ్యవధి ఉందో ఆమెకంటే ముందే మీకు తెలిసిపోతుంది. సరిగ్గా ఆ నవంబరులోనే ఎస్‌ఓఈకి పనిచేసిన అమెరికన్ గూఢచారిణి వర్జీనియా హాల్ లియాన్ విడిచి, ఒక కాలు కృత్రిమమైనదే అయినా, పిరనీస్ పర్వతాలను కాలినడకన దాటి స్పెయిన్ చేరారు.

పరిశోధన లోతును తుపాకుల పేర్లలో వెతకకండి. కథానాయికకు ఎదురయ్యే అడ్డంకులలో వెతకండి. పెట్టెలో అమర్చిన వైర్‌లెస్ సెట్టు సుమారు 15 కిలోలు ఉండేది, దానికి పొడవైన ఏరియల్ తీగ కట్టాలి, ఎక్కువసేపు సంకేతాలు పంపితే దిశను పసిగట్టే జర్మన్ వాహనాలు వీధిలోకి వచ్చేవి. ఆ పెట్టెను కథానాయిక చేతిసంచిలా ఊపుకుంటూ నడిచిందంటే రచయితను అనుమానించవలసిందే. విమానాలు రహస్యంగా దిగడానికి వెన్నెల కావాలి కాబట్టి, తేదీ ఇచ్చిన చోట చంద్రుడు ఉన్నాడో లేడో చూడండి. ఎస్‌ఓఈ వైర్‌లెస్ ఆపరేటర్ నూర్ ఇనాయత్ ఖాన్‌ను లైసాండర్ అనే చిన్న విమానం ఫ్రాన్స్‌లో దించినది 1943 జూన్ 16 రాత్రి, అంటే జ్యేష్ఠ పౌర్ణమికి రెండు రోజుల ముందు. ఇంట్లో పాత పంచాంగాలు దాచుకున్నవారికి ఇదొక సరదా.

ఇక కథానాయిక బలం ఎక్కడుందన్నది అసలు ప్రశ్న. ఎంతమందిని చంపిందన్నది నా దృష్టిలో కొలమానం కాదు. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన నూర్, పిల్లల కథలు రాసుకునే మనిషి. ఆమె పారిస్ చేరిన కొద్ది రోజులకే ఆమె దళం చాలావరకు పట్టుబడింది. తిరిగి రమ్మన్నా రాకుండా, చోటు మార్చుకుంటూ అక్టోబరులో పట్టుబడేదాకా ఆమె సందేశాలు పంపుతూనే ఉన్నారు. కాబట్టి నవలలో కథానాయిక వెళ్లిపోగలిగీ ఆగిపోయే ఘట్టం వచ్చినప్పుడు వేగం తగ్గించి చదవండి; ఆమె ఎందుకు ఆగిందో రచయిత నమ్మించలేకపోతే ఎన్ని పోరాటాలు పెట్టినా ఆ పాత్ర నిలబడదు.

ప్రతినాయకుడు గెస్టపో (జర్మన్ రహస్య పోలీసు) అధికారి ఒక్కడే అనుకోవద్దు. తాము శత్రువు చేతిలో చిక్కలేదని తెలియజేయడానికి గూఢచారులు పంపే సందేశాలలో ముందుగా ఒప్పుకున్న రహస్య గుర్తు ఒకటి ఉండేది. అది లేకుండా సందేశాలు అందినా ఎస్‌ఓఈ లండన్ కార్యాలయం అనుమానించని సందర్భాలు నిజంగానే ఉన్నాయి. ఈ సంగతిని వాడుకున్న నవలలో కార్యాలయపు సన్నివేశాలను దాటవేయకండి. కొన్నిసార్లు వెంటాడే సన్నివేశాలకంటే అవే భయపెడతాయి.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. పాత్రకు ఆధారమైన వ్యక్తి పేరును మధ్యలో ఫోనులో వెతకవద్దు. ఎస్‌ఓఈలోని ఫ్రెంచ్ విభాగం పంపిన 39 మంది మహిళలలో 13 మంది తిరిగి రాలేదు కనుక, మీకు దొరికే మొదటి వాక్యమే ముగింపును చెప్పేయవచ్చు. పుస్తకం చివర రచయిత రాసిన మాటను కూడా కథ పూర్తయ్యాకే చదివి, ఏది నిజమో ఏది కల్పనో తెలిసిన తరువాత, ఆమె మొదటిసారి విమానం ఎక్కే అధ్యాయాన్ని మళ్లీ తెరవండి.