హారాలు వేరైన బీజగణిత భిన్నాలను కూడడం ఎలా?

1/4 + 1/6 ఎలా చేస్తామో గుర్తు తెచ్చుకోండి. 4ను 6తో గుణించి 24 హారంగా తీసుకున్నా జవాబు వస్తుంది. కానీ క.సా.గు. 12తోనే పని అయిపోతుంది: 3/12 + 2/12 = 5/12. అక్షరాలున్న భిన్నాలకూ ఇదే పద్ధతి. కాకపోతే ముందుగా హారాలను కారణాంకాలుగా విడగొట్టాలి. చాలామంది పిల్లలు ఈ పని వదిలేసి హారాలన్నిటినీ గుణించేస్తారు. పేజీ నిండిపోతుంది, టెన్షన్ మొదలవుతుంది.

ఒక లెక్క చేద్దాం. స్కూల్లో ఎక్స్ అని రాసే తెలియని సంఖ్యను ఇక్కడ 'య' అందాం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు దాన్ని 'యావత్తావత్' అని, క్లుప్తంగా 'యా' అని రాసేవాడు.

2/(య² − 1) + 1/(య + 1)

1. హారాలను విడగొట్టండి. య² − 1 = (య − 1)(య + 1). రెండో హారం య + 1 ఇందులోనే ఉంది. కాబట్టి క.సా.గు. (య − 1)(య + 1).

2. రెండో భిన్నం హారంలో య − 1 లేదు. దానితో పైనా కిందా గుణించండి. కింద మాత్రమే గుణిస్తే భిన్నం విలువే మారిపోతుంది.

2/[(య − 1)(య + 1)] + (య − 1)/[(య − 1)(య + 1)]

3. ఇప్పుడు లవాలను మాత్రమే కూడండి: 2 + య − 1 = య + 1.

4. పైనా కిందా ఉన్న య + 1ను కొట్టేస్తే జవాబు 1/(య − 1).

ఈ కొట్టేయడం దగ్గరే జాగ్రత్త కావాలి. లవం మొత్తానికీ హారం మొత్తానికీ కారణాంకమైనదాన్నే కొట్టేయాలి. (య + 3)/(య + 5)లో 'య'లు కొట్టేసి 3/5 అనకూడదు. య = 1 పెట్టి చూడండి, 4/6 వస్తుంది, అంటే 2/3.

ఇదే లెక్కలో మధ్యన మైనస్ ఉంటే? లవం 2 − (య − 1), అంటే 3 − య. బ్రాకెట్ మరిచిపోతే 2 − య − 1 = 1 − య వస్తుంది. అది కింద ఉన్న య − 1తో చక్కగా కొట్టుకుపోయి −1/(య + 1) మిగులుతుంది. అంత పొందికగా వచ్చేసరికి తప్పని అనుమానమే రాదు. అందుకే తీసివేతలో బ్రాకెట్ తప్పకుండా పెట్టండి.

చివరగా ఏదైనా సంఖ్యతో సరిచూసుకోండి. మన కూడికలో య = 3 పెడితే 2/8 + 1/4 = 1/2. జవాబులో పెట్టినా 1/2 వస్తుంది. య విలువ 1 గానీ −1 గానీ కాకూడదని పక్కన రాయండి. జవాబులో −1 పెట్టవచ్చనిపిస్తుంది కానీ, అసలు లెక్కలో అక్కడ హారం 0 అవుతుంది.